నత్తల సంబంధం

“నేను కార్లోనే ఉంటాలే. నువ్వెళ్ళి తెచ్చుకో,” అన్నాడు ఫణి, ఇంజిన్ ఆపకుండానే.

నమ్రత అప్పటికే దిగి కారు ముందు నిలబడింది. ఏప్రిల్ నెల. పైన్ చెట్ల పుప్పొడికి మోరిస్‌విల్ మొత్తం పసుపు పూసుకుంది. రోడ్డూ, మెయిల్‌బాక్సులూ, పద్మజగారి గుమ్మం ముందు విడిచిన చెప్పులూ అన్నీ ఒకటే రంగు. కారు బానెట్ మీద చూపుడువేలితో పెద్ద ‘న’ రాసింది. దాని పక్కన ఇంకా పెద్ద ‘ఫ’ రాసి, రెంటినీ కలిపి ఒక సున్నా చుట్టింది. ఊరంతా తుమ్ముతూ తిట్టుకునే ఈ దుమ్ము కూడా ఆమెకి ముద్దుగానే ఉంది. పెళ్ళయి ఈ దేశానికొచ్చాక నచ్చనిదేదీ ఇంకా ఎదురుపడలేదు.

“దిగు,” అంది అద్దం దగ్గరికొచ్చి. “కొత్త పెళ్ళాన్ని ఒక్కదాన్నే పంపిస్తవా? ఆంటీ నిన్ను కొరుకుతదా?”

“కొరకదు. నవ్వుతూ కాఫీ ఇస్తుంది. అదే కష్టం.”

“గప్పీ చేపలు నావి, నాచు నాది, నత్తలు నావి. మరి మొగుడు ఎవరి మొగుడు?”

ఫణి నవ్వి ఇంజిన్ ఆపాడు.

నత్తలు కావాలన్నది నమ్రత కోరికే. అపార్ట్‌మెంట్ క్లాజెట్‌లో పాత అట్టపెట్టెల వెనక ఖాళీ చేపల తొట్టి కనబడితే బయటికి లాగి, కడిగి, గులకరాళ్ళు పోసి, గుప్పెడు గప్పీల్ని తెచ్చి వదిలింది. “ఇది ఎవరిది?” అని అడిగితే, “నాదే, ఎప్పుడో కొన్నా,” అని ఫణి మాట మార్చాడు. నెల తిరిగేసరికి అద్దాలకి పచ్చగా నాచు పట్టింది. నత్తల్ని వదిలితే అవే తినేస్తాయని చదివింది. అవి పద్మజగారి ఇంట్లో పెరుగుతాయని, ఊరికే ఇస్తారని, కాని అందరికీ ఇవ్వరని ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో చెప్పారు.

ఆ ‘అందరికీ ఇవ్వరు’ అన్నమాట సోఫాలో కూర్చున్న రెండు నిమిషాల్లోనే అర్థమైంది.

“తొట్టి ఎంతది?” అంది పద్మజ. అరవై దాటిన మనిషి, కాటన్ చీర, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది.

“పది గాలన్లు ఆంటీ.”

“ఎక్కడ పెట్టావ్? ఎండ పడుతుందా?”

“హాల్లో. పొద్దున కొంచెం పడుతది.”

“ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారు?”

నమ్రత ఒక్క క్షణం తడబడింది. “గప్పీలు ఉన్నయి ఆంటీ.”

“వాటి స్వభావం?”

“మంచివే. తిండికాడ కొంచెం తొందర.”

టీవీలో క్రికెట్ చూస్తున్న పద్మజ భర్త కేశవరావుగారు తల తిప్పకుండానే అందుకున్నారు. “నక్షత్రం కూడా అడగవే. మేనరికం ఏమన్నా ఉందేమో కనుక్కో.”

“మీరు మ్యాచ్ చూడండి,” అంది పద్మజ. మళ్ళీ నమ్రత వైపు తిరిగి, “నా పిల్లల్ని ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వనమ్మా. వేడుక కోసం తీసుకెళ్ళి తర్వాత ఫ్లష్ చేసేసేవాళ్ళని చూశా,” అంది.

నమ్రతకి నవ్వు తన్నుకొచ్చింది. పెళ్ళిచూపుల్లో తనని ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు. ఫణి వైపు చూసింది. అతను కాఫీ కప్పులోకి చూస్తున్నాడు.

“సరే, పద పైకి,” అని పద్మజ లేచింది. ఫణి కూడా లేచాడు. “నువ్వు కూర్చో నాయనా. అంకుల్‌కి తోడుండు,” అంది ఆవిడ తియ్యగా. ఫణి వెంటనే కూర్చున్నాడు. అంత త్వరగా కూర్చోవడం నమ్రతకి వింతగా తోచింది.

మేడమీద పెద్ద గది. గోడ వెంబడి ఇనుప స్టాండ్ల మీద తొట్లు. అన్నిట్లోనూ నీళ్ళు సన్నగా కదులుతున్నాయి. దగ్గరికెళ్ళి చూసి నమ్రత “అమ్మో!” అంది. బంగారం రంగు, నీలం, దంతం రంగు, వంకాయరంగు చారలవి. నిమ్మకాయంత గుల్లలు అద్దం మీద తాపీగా పాకుతున్నాయి. ఒకటి పై నుంచి చేతులొదిలేసి, గుల్లతో సహా గింగిరాలు తిరుగుతూ కిందికి దిగింది. ఇంకొకటి పొడుగాటి గొట్టం నీటిపైకి పెట్టి గాలి పీల్చుకుంటోంది. తొట్టి మూత అంచుకి లేతగులాబి రంగు గుత్తి ఒకటి అంటుకుని ఉంది, మల్బరీ పండులా.

“గుడ్లు,” అంది పద్మజ గర్వంగా. “ఈ రకం నత్తల్ని మిస్టరీ స్నెయిల్స్ అంటారు, నీళ్ళ పైన పెడతాయి. వద్దనుకుంటే తీసేసుకోవచ్చు. చిన్న రకాలు ఉంటాయి చూడు, అవి నీకు చెప్పకుండా వందైపోతాయి. కొత్త సంసారానికి ఇవే నయం.”

“ఈ బంగారం రంగుది ఇవ్వరా ఆంటీ? మస్తుంది.”

“రంగు చూసి తీసుకోకు. ముందు ప్రాణం చూడు.”

ఆవిడ తెల్లటి పింగాణీ గిన్నె తీసి తొట్టిలో నీళ్ళు ముంచింది. కొన్ని నత్తల్ని ఒక్కొక్కటిగా అద్దం మీంచి జారుస్తూ తీసింది. లాగలేదు. పక్కకి కొద్దిగా వంచగానే అవే పట్టు వదిలేశాయి. గిన్నెలో వేయగానే అన్నీ గుల్లల్లోకి ముడుచుకుని తలుపులు మూసుకున్నాయి.

“ఇదిగో ఈ తలుపు బిగుతుగా పడాలి. వేలాడిందా, దానికి బాగోలేనట్టు. గుల్ల మీద బీటలు ఉండకూడదు. ఒకసారి వాసన చూడు. బతికున్నదానికి చెరువు వాసనే వస్తుంది. పోయినదానికైతే నువ్వు చూడక్కర్లేదు, అదే చెబుతుంది. ఇప్పుడు ఆగు. ఏది ముందు బయటికొస్తుందో చూద్దాం.”

ఇద్దరూ గిన్నె మీదికి వంగారు. కింద కేశవరావుగారు “అబ్బా, క్యాచ్ వదిలేశాడు!” అనడం వినిపించింది. కొంతసేపటికి బంగారం రంగు నత్త తలుపు సందులోంచి మీసం ఒకటి బయటపెట్టింది. తర్వాత రెండోది. నీలంది దాని వెనకే పాదం చాచి గిన్నె అంచుకి ప్రయాణం కట్టింది. ఆ వేళకి నమ్రత ఆ రెంటికీ పడిపోయింది. దంతం రంగుదీ, చారలదీ కూడా లేచాక నాలుగూ కుదిరాయి.

పద్మజ ఖాళీ పెరుగు డబ్బా తీసి, తొట్టి నీళ్ళు పోసి, నలుగురినీ అందులో దింపుతూ జాగ్రత్తలు చెప్పింది. కీరా ముక్కలు, ఉడికించిన పాలకూర వెయ్యాలి. గుల్లకి బలం కోసం కోడిగుడ్డు పెంకు ఒకటి. పంపు నీళ్ళలో క్లోరిన్ పోయే చుక్కలు. వారంలో కొంచెం కొంచెంగా నీళ్ళు మార్చాలి. “చేపలకి జబ్బు చేస్తే షాపులో మందు తెచ్చి వెయ్యకు. వాటిల్లో కాపర్ ఉంటుంది. నత్తలకి విషం.”

“అట్లనే ఆంటీ.”

“ఇంకొకటి.” ఆవిడ డబ్బా మూతకి సూదితో బొక్కలు పొడుస్తూ గొంతు తగ్గించింది. “నువ్వే చూసుకో. ఫణిని దాని జోలికి రానీకు.”

“ఎందుకట్ల?”

“నీకు చెప్పలేదా? వీడు కొత్తగా అపార్ట్‌మెంట్ తీసుకున్నప్పుడు ఇచ్చా. మంచి మంచివి, ఏరి ఇచ్చా. పది రోజులు తిరక్కుండా అన్నీ పోయాయి. ఏం చేశావురా అంటే, తెలీదు ఆంటీ అంటాడు. నిర్లక్ష్యం, ఇంకేముంది! పిల్లవాడు మంచివాడే. ప్రాణం ఉన్న వస్తువు మాత్రం వాడి చేతికి ఇవ్వకూడదు.”

నమ్రత డబ్బా అందుకుంది. లోపల గుల్ల ఒకటి ప్లాస్టిక్‌కి తగిలి టక్కుమంది.

తిరుగు ప్రయాణంలో ఫణి ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా కారుని దాదాపు ఆపేశాడు. వెనక కారతను హారన్ కొట్టినా పట్టించుకోలేదు. డబ్బా నమ్రత ఒళ్ళో ఉంది.

“నిర్లక్ష్యం అందా?” అన్నాడు.

“ఏమనలే.”

“అంటుందిలే. గ్రూపంతా అంటుంది. నాతో క్రికెట్ ఆడే రామమోహన్ అయితే నాకు ‘నత్తల యముడు’ అని పేరు కూడా పెట్టాడు.” నవ్వాడు. ఆ నవ్వు అతని ముఖంలో ఎక్కడా ఆగలేదు. “అయ్యుంటుంది నమ్మూ. ఏం చేశానో నాకు నిజంగా తెలీదు. అప్పట్నుంచీ తొట్టి ఎత్తి లోపల పెట్టేశా. మొక్క కూడా కొనలేదు చూశావా?”

చూసింది. బాల్కనీ ఖాళీగా ఉంటే, మగపిల్లవాడి ఇల్లు కదా అనుకుంది.

“విను,” అంది ఎరుపు లైటు దగ్గర. “కీరా ముక్క నేనేస్త. పాలకూర నేను ఉడకబెడ్త. నీళ్ళు మార్చే పని మాత్రం నీది.”

“ఆంటీకి మాటిచ్చి ఉంటావు.”

“ఆంటీకిచ్చిన మాట ఆంటీతోని. ఇవి మనిద్దరివి.”

లైటు పచ్చగా మారింది. అతను వెంటనే కదల్లేదు. వెనక కారతను మళ్ళీ హారన్ కొట్టాడు.

*

ఆ వారం మొదట్లో ఆ ఇంట్లో జరిగిన ఆనందాలన్నీ తొట్టి చుట్టూనే జరిగాయి. పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ ఇద్దరూ నేల మీద కూర్చుని చూసేవారు. బంగారం రంగుది ఒక్క రాత్రిలో నాచు మధ్య వంకర దారి ఒకటి తీర్చిపెట్టింది. కీరా ముక్కకి ఫోర్కు గుచ్చి దింపితే నాలుగూ దాని మీదికెక్కి సభ పెట్టాయి. “దీని నోరు చూడు, మా అమ్మమ్మ కిళ్ళీ నమిలినట్టే ఉంది,” అన్నాడు ఫణి. నమ్రత పడీ పడీ నవ్వింది.

నీళ్ళ పని అతను ఒక వ్రతంలా పట్టుకున్నాడు. వంటింటి గట్టు మీద రాగిబిందె ఒకటి ఉంది. తాగేనీళ్ళు దాంట్లోనే పడతారు. ఫణి సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చొక్కా చేతులు మడిచి, చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, బిందెని లోపలా బయటా తోమేవాడు. చేయి మోచెయ్యి దాకా లోపలికి పెట్టి, అడుగున మూల మూలలా రుద్ది, కడిగి, లైటు కింద తిప్పి చూసేవాడు. కొత్త పైసాలా మెరిసేది. నిండా నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, మూత పెట్టి రాత్రంతా ఉంచేవాడు. తెల్లారి తొట్టిలోంచి అంతే నీరు తోడి, బిందె నీళ్ళు చెంబుతో గోడ మీదుగా జారుస్తూ, చప్పుడు కాకుండా పోసేవాడు.

“మనకి కూడా ఇంత శ్రద్ధగా ఎన్నడు తోమలే,” అంది నమ్రత గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతూ.

“మనకి పొట్టలో ఏదన్నా అరుగుతుంది. అవి చిన్న ప్రాణాలు. మంచి నీళ్ళు ఉండాలి.”

ఆ మాటకి దిగి వెళ్ళి అతని వీపుకి అతుక్కుంది. చింతపండు చేతులతో అతను అట్లాగే నిలబడ్డాడు.

మధ్యలో చెల్లెలు అవని వీడియో కాల్ చేసింది. తనకి నత్తని దగ్గరగా చూడాలట. నమ్రత, పెరుగు డబ్బాలో మిగిలిన పద్మజగారి నీళ్ళు ఆవకాయ ఖాళీ సీసాలో పోసి, నీలందాన్ని అందులో వేసి కెమెరా ముందు పెట్టింది. “అక్కా, దీనికి బావ కళ్ళే వచ్చినయే,” అంది అవని. మాటల్లో పడి సీసా కిటికీ గట్టు మీద ఉండిపోయింది. నీలంది అక్కడ హాయిగా ఉన్నట్టే కనబడితే, ఇంకో పూట ఉండనీలే అని పాలకూర రెబ్బ ఒకటి వేసింది.

గురువారం సాయంత్రం రామమోహన్ వచ్చాడు. ఫణిని క్రికెట్ ప్రాక్టీస్‌కి తీసుకెళ్ళడానికి. గుమ్మంలోనే తొట్టిని చూసి నుదురు కొట్టుకున్నాడు.

“ఏం తమ్మీ, మళ్ళ తెచ్చినవా? దినాలు ఎప్పుడు పెట్టుకున్నవ్? లీవ్ అప్లై చెయ్యాలె కదా నేను.”

ఫణి కూడా నవ్వాడు. బూట్ల లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండా నవ్వాడు. ఒక లేసుని రెండుసార్లు విప్పి కట్టాడు.

“అన్నా, ఈసారి అందర్నీ పుట్టినరోజుకి పిలుస్తం,” అంది నమ్రత.

“పిలువు చెల్లె, పిలువు. కేకు మాత్రం ముందే ఆర్డర్ పెట్టకు.”

వాళ్ళు వెళ్ళాక తొట్టి దగ్గరికెళ్ళింది. బంగారం రంగుది నీటి అంచుకి పైకి వచ్చి, సగం గుల్ల బయటపెట్టి ఉంది. గాలి కోసమేమో అనుకుంది. చారలది గులకరాళ్ళ మీద తలుపు మూసుకుని పడుకుంది. దంతం రంగుది వాలి ఉంది. కీరా ముక్క పొద్దున వేసినట్టే ఉంది.

మరునాడు పొద్దున మూడూ తొట్టి అడుగునే ఉన్నాయి. ఫణి అప్పటికే నీళ్ళు మార్చేసి ఆఫీసుకి తయారవుతున్నాడు. నమ్రత చెయ్యి ముంచి దంతం రంగుదాన్ని తీసింది. తలుపు వేలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకోబోయి ఆగింది. పెట్టుకోవలసిన పని లేకపోయింది.

ప్రాణం ఉన్న వస్తువు వాడి చేతికి ఇవ్వకూడదు. ఆ మాట తలలోకి ఎలా వచ్చిందో తెలీదు, వచ్చేసింది. తల తిప్పేసరికి ఫణి బెల్టు పెట్టుకుంటూ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలోది చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు.

“చెప్పాగా,” అన్నాడు మెల్లగా.

“నేనేమన్లే ఫణీ.”

“అనలేదు.” బ్యాగ్ తీసుకున్నాడు. “మిగతావి ఆంటీకి ఇచ్చెయ్. ఇంకా బతికే ఉంటాయేమో. ఇంక నేను ముట్టుకోను.”

లిఫ్ట్ లేని బిల్డింగ్ మెట్ల మీద అతని అడుగులు కిందిదాకా వినిపించాయి. రోజూ రెండేసి మెట్లు దూకుతూ దిగే మనిషి ఇవాళ ఒక్కొక్కటే దిగాడు.

నమ్రత నేల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, తన మీదే. ఆ ఒక్క చూపు అతను చూసేశాడు. దాన్ని ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకోవాలి?

ఆ కూర్చోవడంలో కిటికీ గట్టు కళ్ళెదురుగా పడింది. ఆవకాయ సీసాలో నీలంది పైకెక్కి, మూతిని అద్దానికి ఆనించి, మీసాలు రెండూ చాచి ఊరేగుతోంది. పాలకూర రెబ్బలో ఈనె మాత్రమే మిగిలింది.

ఒకే గిన్నెలోంచి ఒకేసారి వచ్చిన నత్తలు. దీనికి ఇది పండగ, వాటికి అది ఆసుపత్రి.

లేచి సీసా పక్కన నిలబడింది. తిండి ఒకటే. పాలకూర ఒకే గిన్నెలో ఉడికింది. ఎండ రెంటికీ పడుతుంది. సబ్బు చేతులా? ఫణి చేతులు కడుక్కుని, మళ్ళీ వట్టి నీళ్ళతో కడిగి గాని ముట్టుకోడు. తేడా ఉన్నది నీళ్ళలో. దీని నీళ్ళు పద్మజగారివి, వాటివి ఫణి పోసినవి. ఆ నీళ్ళలో చుక్కలు వేశాడు, రాత్రంతా ఉంచాడు, శుభ్రంగా తోమిన...

వంటింటి గట్టు మీద బిందె ఉదయపు ఎండలో ధగధగలాడుతోంది.

చేపల మందుల గురించి ఆంటీ చెప్పినమాట గుర్తొచ్చింది. ఆ మాట విన్నప్పుడు నమ్రత కళ్ళ ముందు కదిలింది షాపులోని మందు సీసా. ఇంట్లో ఆరోగ్యం కోసం పెట్టుకున్న బిందెని విషంతో కలిపి ఎవరు ఆలోచిస్తారు? చింతపండు పెట్టి తోమినకొద్దీ రాగి బయటపడుతుంది. రాత్రంతా నీళ్ళలోకి దిగుతుంది. ఫోన్ తీసి వెతికింది. మనిషికి మేలు చేసే మోతాదులో చాలా కొద్ది వంతు చాలట, నత్త చావడానికి.

తర్వాత అరగంట ఆ ఇంట్లో నీళ్ళే నీళ్ళు. ప్లాస్టిక్ బకెట్‌లో పంపు నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, బంగారం రంగుదాన్నీ చారలదాన్నీ అందులోకి దింపింది. తొట్టి సగానికి పైగా తోడేసి కొత్త నీళ్ళు పోసింది. గప్పీలు ఈ హడావిడి చూసి తిండి వస్తుందనుకుని పైకొచ్చాయి. దంతం రంగుదాన్ని కిందికి తీసుకెళ్ళి పైన్ చెట్టు మొదట్లో మట్టిలో పెట్టింది. చేతులు తుడుచుకుని బకెట్ పక్కన కూర్చుంది. భోజనం కూడా బకెట్ పక్కనే తింది.

మధ్యాహ్నం బాగా వాలాక బంగారం రంగుది తలుపు తీసింది. ఒక మీసం వచ్చింది. నమ్రత పెరుగన్నం చేత్తోనే ఫణికి ఫోన్ చేసింది.

“మీటింగ్‌లో ఉన్నవా?”

“ఉన్నా. మ్యూట్‌లో ఉన్నా. పోయాయా?”

“ఇంటికి రా.”

“పోయాయా నమ్మూ?”

“నువ్వేం చేసినవో దొరికింది. రా.”

*

అతను వచ్చి, బూట్లు కూడా విప్పకుండా బకెట్ ముందు చతికిలబడ్డాడు. ఆమె అంతా చెప్పింది. సీసా చూపించింది. బిందె చూపించింది.

“అప్పుడు కూడా ఇదే బిందె,” అన్నాడు. “అప్పుడైతే రెండు పూటలా తోమేవాణ్ణి. అవి డల్‌గా ఉన్నాయని ఇంకా ఎక్కువ తోమా.”

“ఇంకాస్త బద్ధకం ఉంటే బతుకుతుండె అవి.”

“నిర్లక్ష్యంగా ఉండి ఉంటే...” అంటూ అతను ఆమె వైపు చూశాడు. ముందు ఆమె మూతి వంకరైంది, తర్వాత అతనిది. బకెట్‌కి చెరోవైపు కూర్చుని ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వుతూనే అతను చొక్కా చేతితో కళ్ళు తుడుచుకోవడం ఆమె చూసింది, చూడనట్టే ఉంది.

“పొద్దున నేను చూసిన చూపు...” అంది.

“ఏ చూపు?” అన్నాడు ఫణి.

కాసేపటికి ఆమె ఫోన్ అందుకుంది. “ఇప్పుడే గ్రూప్‌ల పెడ్త. రామన్నకి ముందు పెడ్త.”

“వద్దు.” ఫణి చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆ బిందె ఎవరిచ్చారో తెలుసా?”

తెలీదు. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న సామాను అనుకుంది.

“పద్మజాంటీ. అపార్ట్‌మెంట్ తీసుకున్నప్పుడు నత్తలతో పాటే ఇచ్చింది. బెజవాడ నుంచి సూట్‌కేసులో బట్టలు తీసేసి మరీ తెచ్చిందట. ఒంటరి కుర్రాడివి, కనీసం మంచి నీళ్ళన్నా తాగు అంది. ఇప్పుడు మీ బిందే చంపింది ఆంటీ అని చెబుతామా?”

“మరి నిన్ను అంటున్నరు కదా ఇన్నాళ్ళ నుంచి!”

“అలవాటైపోయిందిలే.”

“నాకు కాలే,” అంది నమ్రత.

ఆదివారం పద్మజగారే వచ్చారు. చెప్పాపెట్టకుండా, కేశవరావుగారిని వెంటబెట్టుకుని, ఒక చేతిలో గోంగూర పచ్చడి సీసాతో. పిల్లనిచ్చిన ఇంటికి వచ్చినట్టు గుమ్మంలో చెప్పులు విడిచి నేరుగా తొట్టి దగ్గరికి నడిచారు. కళ్ళజోడు పెట్టుకున్నారు.

“బంగారం తల్లి ఉంది. నీలం. చారలది ఉంది, కాస్త చిక్కింది. నాలుగోది?”

నమ్రత నోరు తెరిచేలోపే ఫణి అన్నాడు. “పోయింది ఆంటీ. నీళ్ళు నేనే మార్చా. నా వల్లే.”

పద్మజ కళ్ళజోడు మీంచి నమ్రత వైపు చూసింది. తిట్టలేదు. ఆ చూపు తిట్టు కంటే బరువుగా ఉంది. “ఏం చెప్పానమ్మా నీకు?” అంది నెమ్మదిగా. “పోనీలే. మిగిలినవాటిని తీసుకెళ్ళిపోతా. డబ్బా ఒకటి ఇవ్వు.”

ఫణి డబ్బా కోసం వంటింట్లోకి కదిలాడు. పెళ్ళయ్యాక నమ్రత మొదటిసారి అతని చెయ్యి పట్టుకుని ఆపింది, పెద్దవాళ్ళ ఎదురుగానే.

“ఇస్త ఆంటీ. నీళ్ళు పోసి ఇవ్వాలె కదా?” గట్టు దగ్గరికెళ్ళి, బిందె రెండు చేతులతో ఎత్తి, చంకలో పెట్టుకుని వచ్చి ఆవిడ ముందు నిలబడింది. “ఈ నీళ్ళు పొయ్యొచ్చునా?”

“అయ్యో, ఇవి వద్దు!” పద్మజ చెయ్యి చాచి ఆపింది. “రాగి కదే, రాగి! నత్తలు చచ్చి ఊరుకుంటాయ్. ఎవరైనా ఇందులో నీళ్ళు...”

ఆగింది.

బిందె మెడ మీద సన్నటి తీగ చెక్కడం ఉంది. ఆవిడ వేలు పెట్టి దాన్ని తడిమింది. ఎంత తోమితే అంత మెరుపు వస్తుందో ఆవిడకి తెలుసు. వేలు వెనక్కి తీసుకుని ఫణి వైపు తిరిగింది.

“ఒరేయ్. అప్పుడు కూడా ఇందులోవేనా?”

ఫణి నేల చూపులు చూశాడు. “మంచి నీళ్ళని పోశా ఆంటీ.”

“రోజూ తోమావా?”

“రెండు పూటలా.”

పద్మజ సోఫాలో కూర్చుంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది. కేశవరావుగారి భుజాలు కదలడం మొదలైంది. ఆయన నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు.

“నవ్వండి,” అంది పద్మజ. “గ్రూపంతా నవ్వుతుంది ఇవాళ.”

“గ్రూప్‌కి ఎవరూ చెప్పరాంటీ,” అన్నాడు ఫణి.

“నువ్వు చెప్పవు. నేను చెబుతా. నిన్ను యముడన్నది వాళ్ళు కదా, వాళ్ళకి తెలియొద్దూ?” ఆవిడ లేచింది. నమ్రత చంకలోంచి బిందె తీసుకుని గట్టు మీద దాని చోట దాన్ని పెట్టి, ఒక గ్లాసు నీళ్ళు వంచుకుని నిలబడే తాగింది. గ్లాసు దింపి మూతి తుడుచుకుంది. నత్తల మాట ఇంక ఎత్తలేదు. డబ్బా మాట కూడా ఎత్తలేదు. టీ అడిగి, అల్లం ఎక్కువ వేయమంది.

టీ తాగి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చుతూ, ఎటో చూస్తూ అంది. “వచ్చే నెల చాండ్లర్ వెళ్తున్నాం, పెద్దమ్మాయి దగ్గరికి. పైన తొట్లు అన్నీ అట్లాగే ఉంటాయి. నువ్వు రోజూ ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మా ఇంటికెళ్ళి చూడాలి, ఫణీ.”

“నేనా?”

“గరాజ్ తలుపు తీసే కోడ్ చెబుతా. ఫోన్లో రాసుకోకు, గుర్తు పెట్టుకో.”

ఒక కాలికి బూటు వేసుకుని రెండోదాని కోసం వంగిన కేశవరావుగారు అట్లాగే ఆగిపోయారు. “మనం వెళ్తున్నామా?”

“వెళ్తున్నాం.”

“అమ్మాయి అక్కడికి మారినప్పట్నుంచీ బతిమాలుతున్నా. తొట్లు ఎవరు చూస్తారు, ఎవరు చూస్తారు అని...”

“ఇప్పుడు చూసేవాడు దొరికాడు కదా. ఏవిటి మీకు బాధ?”

ఆయన రెండో బూటు సంగతి మర్చిపోయి, గోడకి ఆనుకుని ఫోన్లో విమానాలు వెతకడం మొదలుపెట్టారు. పద్మజ ఫణి దగ్గరగా వచ్చి నాలుగంకెలు చెప్పింది. అతను తిరిగి చెప్పాడు.

“వినపళ్ళేదు. గట్టిగా చెప్పు.”

ఫణి నమ్రత వైపు చూశాడు. గొంతు సవరించుకుని, స్కూల్లో ఎక్కం అప్పజెప్పే పిల్లవాడిలా నిటారుగా నిలబడి, మెట్ల మీద ఎవరన్నా వింటారేమోనన్న ఆలోచన కూడా లేకుండా, నాలుగంకెలూ గట్టిగా చెప్పాడు.